పొట్ట మీద ఇంటూ గుర్తు

నా పొట్ట పెరుగుతోందని నాకంటే ముందు కనిపెట్టినవాడు రాజోలులో నా చొక్కాలు కుట్టే టైలరు. టేపు చుట్టి, చూసి, నమ్మకం కలక్క మళ్ళీ చుట్టి, "రిటైరయ్యేక ఒళ్ళు చేసేరండి మాస్టారూ," అన్నాడు. నేనూ సంతోషించాను. జీవితమంతా హైస్కూల్లో సుద్దముక్క పట్టుకుని నిలబడ్డవాణ్ణి, ఇప్పుడు కాస్త కూర్చుని తింటున్నాను, ఒళ్ళు చెయ్యదూ మరి! మా ఆవిడ మాత్రం ఒప్పుకోలేదు. చేతులూ కాళ్ళూ పుల్లల్లా అయిపోతుంటే పొట్ట ఒక్కటే బిగుసుకుని ముందుకొస్తోందని పోరు పెట్టింది. "అది కొవ్వు కాదండీ, ఏదో తేడాగా ఉంది, చూపించుకోండి," అని పొద్దున్న లేస్తే అదే పాట. ఆ పాట పడలేకే అమలాపురం ఆసుపత్రికి వెళ్ళాను.

అక్కడి డాక్టరమ్మ మా అమ్మాయి వయసుది. రక్తం పరీక్షలూ అవీ అన్నీ చేయించి, కాగితాలు తిరగేసి, చాలా మర్యాదగా అడిగింది. "మందు అలవాటేమైనా ఉందా అండీ?"

నాకు ఒళ్ళు మండిపోయింది. నేనెవర్ని? మా చర్చిలో సంఘ పెద్దని. ఏటా సభల్లో తాగుడు మీద మాట్లాడాలంటే ఫలానా మాస్టారే మాట్లాడాలి అని నన్ను పిలుస్తారు. కల్లు కాదు కదా, దగ్గు మందు తాగినా నోరు పుక్కిలించుకునే మనిషిని. ఆ మాటే కొంచెం గట్టిగా చెప్పాను. ఆ పిల్ల బెదరలేదు. "అలా కూడా వస్తుందండీ. షుగరు ఎక్కువ కాలం ఉంటే లివర్లో కొవ్వు పేరుకుంటుంది, మెల్లగా గట్టిపడిపోతుంది. ఒక్క చుక్క ముట్టనివాళ్ళకీ పొట్టలో నీళ్ళు చేరతాయి," అంది.

"అయితే ఆ ముక్కేదో పెద్దక్షరాలతో రాసివ్వమ్మా, మెడలో వేసుకు తిరుగుతాను," అన్నాను. ఆమె నవ్వింది. నేను నవ్వులాటకి అనలేదు.

మా వైపు అలాంటి పొట్ట కనపడితే ఎవరూ మొహం మీద ఏమీ అనరు. అందరూ మర్యాదస్తులే. "ఆరోగ్యం ఎలా ఉందండీ?" అంటారు, చూపు పొట్ట మీద ఒక్క క్షణం ఆపి పక్కకి తిప్పుకుంటారు. ఆ తిప్పుకోవడంతో చెప్పాల్సిందంతా చెప్పేసినట్టే. నేనూ ఎందరి విషయంలోనో అలా తిప్పుకున్నవాణ్ణే కాబట్టి ఆ చూపుకి అర్థం నాకు బాగా తెలుసు.

ఊరివాళ్ళ సంగతి అలా ఉంచి, అసలు భయం మా వియ్యంకుడుగారి గురించి. కిందటేడు మా అమ్మాయిని ఉప్పలగుప్తం వైపు ఇచ్చాం. ఇద్దరూ ఉద్యోగస్తులు, పిల్లాడు బుద్ధిమంతుడు, వియ్యాలవారు మా కంటే మర్యాదస్తులు. సంబంధం మాట్లాడుకున్న రోజు నేను గుండెల మీద చెయ్యేసుకుని ఒక మాటన్నాను. "మా ఇంటి గుమ్మంలోకి మందు వాసన కూడా రాదండి బావగారూ." ఆయన చాలా సంతోషించి, "మాక్కావాల్సింది కూడా అదేనండి," అన్నారు. అలాంటి మనిషికి, పెళ్ళయి ఏడాది తిరక్కుండా, లివరు పాడై పొట్టలో నీళ్ళు చేరాయని ఏ మొహం పెట్టుకుని చెప్పను? షుగరు వల్ల అంటే నమ్ముతారా? నేనైతే నమ్మేవాణ్ణా?

అందుకని మా ఆవిడకి గట్టిగా చెప్పాను, ఎవరికీ తెలియకూడదని. "అమ్మాయికి కూడానా?" అంది. ముఖ్యంగా అమ్మాయికే. అమ్మాయికి తెలిస్తే అల్లుడికి తెలుస్తుంది, అల్లుడికి తెలిస్తే బావగారికి తెలుస్తుంది, ఇక నా పని అయిపోయినట్టే. మా ఆవిడ కళ్ళలో నీళ్ళు పెట్టుకుంది. నేను పట్టించుకోలేదు. అమ్మాయి వీడియో కాల్ చేస్తే ఫోను గడ్డం దగ్గర పెట్టుకుని మొహం మటుకే కనపడేలా మాట్లాడేవాణ్ణి. "ఏంటి డాడీ, ఎప్పుడూ సీలింగు ఫేనే చూపిస్తారు?" అని నవ్వేది. చూసి పోదామని వస్తానంటే, ఇంటికి రంగులు వేయిస్తున్నాం, ఆ వాసన నీకు పడదు, తర్వాత రమ్మన్నాను. ఏ గోడకీ ఏ రంగూ వెయ్యలేదు. ఇది తలుచుకుంటే ఇప్పటికీ తల కొట్టేసినట్టుంటుంది.

మాత్రలతో నీళ్ళు తగ్గలేదు. రెండు మెట్లు ఎక్కితే ఆయాసం, వెల్లకిలా పడుకుంటే ఊపిరాడదు. చివరికి డాక్టరమ్మ సూది పెట్టి తీయాల్సిందేనంది. రాజోలులో అయితే ఆటోవాడి దగ్గర్నుంచి అందరూ శిష్యులే, అమలాపురమే నయం అనుకుని, పనులేవో ఉన్నాయని ఊళ్ళో చెప్పి బయల్దేరాం.

గదిలో మంచం తల వైపు కొంచెం ఎత్తుగా పెట్టి నన్ను పడుకోబెట్టారు. చొక్కా గుండీలు విప్పమన్నారు. విప్పడానికి నా చేతులు రాలేదు. మా ఆవిడ విప్పింది. కూతురంత పిల్ల ముందు ఆ పొట్ట వేసుకుని పడుకోవడం ఎంత నామోషీగా ఉందో చెప్పలేను. నీలపు నరాలు తేలి, బొడ్డు బయటికి పొడుచుకొచ్చి, నాది కాదు అనిపించేలా ఉంది. నేను పైన ఫేను చూస్తూ పడుకున్నాను.

డాక్టరమ్మ జేబులోంచి అరచేతిలో పట్టే చిన్న మెషీను తీసింది. దానికో తీగ, ఆ తీగ సెల్‌ఫోనుకి తగిలించింది. నేను స్కానింగంటే గదిలో సగం ఆక్రమించే బీరువాలాంటి మెషీను అనుకునేవాణ్ణి. ఇది గడ్డం గీసుకునే మెషీనంత కూడా లేదు. చల్లటి జెల్లీ రాసి పొట్ట మీద మెల్లగా తిప్పుతూ ఫోను నాకూ కనపడేలా పట్టుకుంది. "చూడండి మాస్టారూ, నల్లగా ఉన్నదంతా నీళ్ళు. ఇదుగో, బూడిద రంగులో మెదుల్తోందే, అది పేగు. నీళ్ళలో తేలుతోంది. ఇక్కడైతే పేగు దగ్గర్లో ఉంది, వద్దు. ఇంకొంచెం ఇటు... ఆఁ, ఇక్కడ బాగుంది. నీళ్ళు లోతుగా ఉన్నాయి, దారిలో రక్తనాళాలు కూడా లేవు."

ఎడమ పక్క, నడుముకి కొంచెం పైన, ఊదారంగు పెన్నుతో ఇంటూ గుర్తు పెట్టింది. తప్పుల మీద అలాంటి గుర్తులు నేను ఎంతమంది పిల్లల పేపర్లలో పెట్టానో. నా ఒంటి మీద పెట్టించుకోవడం ఇదే మొదలు.

"ఇంక ఇలాగే ఉండాలండీ," అంది. "అటూ ఇటూ తిరగొద్దు, లేవొద్దు. మీరు కదిలితే లోపల నీళ్ళూ పేగులూ చోటు మారిపోతాయి. నేను పెట్టిన గుర్తు మాత్రం పైన అక్కడే ఉంటుంది. అర్థమైందా అండీ?"

"ఆయ్, అలాగేనమ్మా," అన్నాను. అంతలో వార్డులో ఎవరికో బాగోలేదని సిస్టరు పిలిస్తే, ఇప్పుడే వస్తానని వెళ్ళింది. మా ఆవిడ మందుల షాపులో ఇంకేదో తేవాలని కిందికి దిగింది. నేను బుద్ధిగానే ఉన్నాను. ఊపిరి కూడా జాగ్రత్తగా పీల్చుకుంటున్నాను.

తలుపు తీసుకుని మా ఆవిడ వచ్చింది. మొహంలో నెత్తురు చుక్క లేదు. కళ్ళతో ఏదో సైగ చేస్తోంది, నాకు అర్థం కాలేదు. ఆవిడ వెనకనించి, "బావగారూ!" అని మా వియ్యంకుడుగారు! మోచెయ్యి మడత దగ్గర దూది నొక్కి పట్టుకుని ఉన్నారు. ఆయన షుగరు పరీక్షకి కింద ల్యాబుకి వచ్చారట. "చెల్లెమ్మగారు కనపడ్డారండి, మీరు పైన ఉన్నారన్నారు. చూడకుండా ఎలా వెళ్తానండీ?" అన్నారు.

ఇంటికొచ్చిన వియ్యంకుడి ముందు పడుకుని మాట్లాడే మనిషి మా వైపు ఎవరైనా ఉంటారా? అది ఇల్లు కాదు, ఆసుపత్రే. అయినా నా ఒళ్ళు నన్నడక్కుండానే లేచింది. "రండి రండి బావగారూ, కూర్చోండి," అంటూ లేచి కూర్చుని, చొక్కా దగ్గరికి లాక్కుని, కాళ్ళు కింద పెట్టి ఆయనకి కుర్చీ కూడా జరిపాను.

"లేవొద్దన్నారు కదా, పడుకోండి!" అని మా ఆవిడ పళ్ళ బిగువున అంది.

ఆవిడ ఇంకో మాటంటే అంతా బయటపడిపోతుంది. "నువ్వెళ్ళి బావగారికి కాఫీ పట్రా," అన్నాను.

"అబ్బే, ఎందుకండీ, నాకు షుగరు కదండీ," అన్నారాయన.

"పంచదార లేకుండా తెస్తుందిలెండి." మా ఆవిడ కదలకుండా నిలబడింది. అప్పుడు స్కూల్లో పిల్లల్ని చూసే చూపొకటి ఆవిడ మీద పారేశాను. ఇన్నేళ్ళ కాపురంలో ఆ చూపుకి ఆవిడ ఎదురాడలేదు. వెళ్ళింది.

"ఏంటండీ ఇలా ఆసుపత్రిలో..." అని ఆయన నసిగారు.

"ఏం లేదండీ. గ్యాసు. ఊరికే చెకప్పు."

"ఆయ్, గ్యాసేనండి. ఈ వయసులో అందరికీ అంతేనండి," అన్నారు. అంటూనే నా చొక్కా సందులోంచి కనపడుతున్న పొట్ట మీద ఆయన చూపు ఒక్క క్షణం ఆగింది. తర్వాత గోడ మీద కాలెండరు వైపు తిప్పుకున్నారు. ఇంకేముంది, అయిపోయింది, తాగుబోతు అనుకున్నారు అనుకున్నాను.

బయట డాక్టరమ్మ గొంతు వినపడగానే గబగబా మంచం మీద ఎలా పడితే అలా ఒరిగి చొక్కా పక్కకి తీసుకున్నాను. ఆమె, వెనకాల ట్రేతో సిస్టరూ వచ్చారు. బావగార్ని చూసి, "మీరు కాసేపు బయట కూర్చుంటారా అండీ?" అంది. వియ్యంకుణ్ణి గదిలోంచి పొమ్మనడం ఏమిటి! "పర్లేదమ్మా, మా వియ్యంకుడుగారు, ఉండనివ్వు," అన్నాను. ఆయన పాపం మంచం కాళ్ళ వైపు ఒదిగి నిలబడ్డారు.

డాక్టరమ్మ తొడుగులు వేసుకుంటూ అడిగింది. "కదల్లేదు కదా మాస్టారూ?"

కదిలానంటే మళ్ళీ మెషీను తీస్తుంది, మళ్ళీ ఫోను పట్టుకుని నల్లగా ఉన్నదంతా నీళ్ళు, లివరు అంటూ బావగారి ముందే మొదలెడుతుంది. "లేదమ్మా," అన్నాను. ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట! అని, బావగారి వైపు చూశాను. ఆయన నేల చూపులు చూస్తున్నారు.

గోధుమరంగు మందుతో పొట్టంతా తుడిచింది. మందు కింద ఊదారంగు గుర్తు బాగానే కనపడుతోంది. "మొదట మత్తు సూదండీ, చీమ కుట్టినట్టుంటుంది," అని సిరంజి చేతిలోకి తీసుకుంది.

అప్పుడే తలుపు తోసుకుని కాఫీ గ్లాసుతో మా ఆవిడ వచ్చింది. సిరంజి చూసింది. "అమ్మా, ఆగమ్మా! ఈయన లేచేరు!" అని ఒక్క కేక పెట్టింది. "లేచి కూర్చుని కుర్చీ కూడా జరిపేరు! చెప్పలేదా? చెప్పలేదా మీరు?"

డాక్టరమ్మ చెయ్యి ఆగిపోయింది. సిరంజి ట్రేలో పెట్టేసి, మెషీనుకి శుభ్రమైన కవరు తొడిగి, ఇందాకటి గుర్తు మీదే పెట్టింది. ఫోనులో నలుపు చాలా కొంచెమే ఉంది. చర్మం కిందే, బూడిద రంగులో, ఏదో మెల్లగా మెదులుతోంది. అదేమిటో నాకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

"నేను అడిగేను కదా మాస్టారూ," అంది ఆ పిల్ల. తిట్టినా బాగుండేది. చాలా నెమ్మదిగా అంది. సిగ్గుతో చచ్చిపోయాను. చిన్నపిల్లలు హోంవర్కు చెయ్యకుండా చేశామంటే నేను ఎంత రాద్ధాంతం చేసేవాణ్ణి! ఇక్కడ నా పొట్టలో పేగు గురించి నేనే అబద్ధమాడాను.

"అక్కడే గుచ్చేసుంటే ఏమయ్యేదమ్మా?" అని మా ఆవిడ అడిగింది. డాక్టరమ్మ, "ఇప్పుడవన్నీ ఎందుకులెండమ్మా," అని పాత గుర్తుని స్పిరిట్‌తో తుడిచేసింది. ఆ జవాబుకి మా ఆవిడ చేతిలో గ్లాసు ఒరిగిపోయి కాఫీ సగం నేల మీద పడింది.

ఇంక ఆవిడ ఆగలేదు. "గ్యాసూ కాదు, గాడిదగుడ్డూ కాదు అన్నయ్యగారూ. లివరు! షుగరు వల్ల వచ్చిందని డాక్టరుగారే చెప్పేరు, ఈయన జన్మలో చుక్క ముట్టలేదు. మీరు తాగుడనుకుంటారని భయం. మీ దగ్గర పరువు పోకూడదని ప్రాణమైనా పోగొట్టుకుంటారు గానీ నోరు విప్పరు. నేను చావలేక బతకలేక..." అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

బావగారి వంక చూడలేక నేను కళ్ళు మూసుకున్నాను. ఆయన దగ్గరికొచ్చారు. "మీరు తాగుతారని నేనెందుకు అనుకుంటానండీ? ఒంట్లో బాగోలేదని తెలుస్తూనే ఉంది, అడిగితే మీరు నొచ్చుకుంటారని అడగలేదంతే," అన్నారు. గొంతు తగ్గించి, "బావగారూ, మీరు లేవడం నేను చూసేనండీ. నా కోసమే లేచేరు. డాక్టరుగారు అడిగినప్పుడు చెబుదామని నోటిదాకా వచ్చింది. మీరు లేదన్నాక నేను కదిలేరని ఎలా అంటానండీ, మిమ్మల్ని అబద్ధమాడేరన్నట్టు ఉంటుంది కదండీ... ఊరుకున్నాను. నేను కూడా ఊరుకున్నానండీ," అన్నారు.

"మీ ఇద్దరి మర్యాదా తగలెయ్య!" అనేసింది మా ఆవిడ. అన్న వెంటనే నాలిక్కరుచుకుని, "క్షమించండి అన్నయ్యగారూ," అంది.

"అనండి చెల్లెమ్మగారూ, అనాల్సిందే," అన్నారాయన.

డాక్టరమ్మ నన్ను మళ్ళీ సరిగ్గా పడుకోబెట్టి, మళ్ళీ వెతికి, ఇంకో చోట గుర్తు పెట్టింది. ఈసారి గదిలోంచి అడుగు బయటపెట్టలేదు. నన్ను నమ్మడం మానేసిందని అర్థమైంది. న్యాయమే. సూది దిగింది, గొట్టంలోంచి లేత పసుపు నీళ్ళు సీసాలోకి కారడం మొదలైంది. "ఇప్పుడసలు కదలకూడదండీ," అని మరీ మరీ చెప్పింది.

కుర్చీ మంచం పక్కకి లాక్కుని కూర్చున్న బావగారు అడిగారు. "అమ్మాయికి తెలుసా అండీ?"

మా ఆవిడ తల అడ్డంగా ఊపింది.

"అదేంటండీ!" అన్నారాయన. మొట్టమొదటిసారి ఆయన గొంతులో కోపం విన్నాను. "మా ఇంట్లో పిల్ల నవ్వుతా తిరుగుతోంది, మా నాన్నగారు బాగున్నారండీ మావయ్యగారూ అంటోంది. మీకేమైనా అయితే మేం దానికి ఏమని చెప్పాలండీ?" అంటూనే జేబులోంచి ఫోను తీసి నొక్కి, "అమ్మా, నాన్నగారు మాట్లాడతారు," అని నా చెవి దగ్గర పెట్టారు. నా చేతులు కదపకూడదని ఆయనే పట్టుకుని నిలబడ్డారు.

చెప్పాను. పొట్ట గురించి, నీళ్ళ గురించి, రంగులు వేయించలేదని, ఇప్పుడు సూది పొట్టలోనే ఉందని. ఆఖరుకి, "నీకు చెబితే మీవాళ్ళకి తెలుస్తుందనమ్మా, అంతే," అన్నాను.

"మావాళ్ళెవరు డాడీ?" అంది. ఏడుస్తోంది. "పెళ్ళి చేసి పంపించేసేక మీ జబ్బు నాకు చెబితే మీ పరువు పోతుందా? నాకు ఒంట్లో బాగోక మీకు చెప్పకపోతే మీరు ఊరుకుంటారా? నేనేం తప్పు చేసేనని డాడీ నన్ను బయటిదాన్ని చేసేరు?"

ఆ చిన్న గదిలో ఆ మాట అందరికీ వినపడింది. గోడ వైపు తిరిగిపోదామంటే పొట్టలో సూది ఉంది. ఫోను పట్టుకున్న బావగారి మొహం నా మొహానికి జానెడు దూరంలో ఉంది, ఆయన ఈసారి చూపు పక్కకి తిప్పుకోలేదు. ఆయన చూస్తుండగానే, "తప్పు నాదేనమ్మా," అని చిన్నపిల్లాడిలా బావురుమన్నాను.